గాలి రోజున అన్న మాట

ఇన్స్‌బ్రుక్‌లో తప్పు చేసిన మనిషి నాకింతవరకు కనిపించలేదు. ఇక్కడ తప్పులన్నీ గాలే చేస్తుంది. మనుషులు పాపం దాని చేతికి చిక్కి ఏదో అనేస్తారు, ఏదో చేసేస్తారు, మర్నాడు టోపీ సర్దుకుని ఏమీ ఎరగనట్టు వచ్చి పేపరు కొనుక్కుంటారు. నది వంతెన పక్కన, బస్సు ఆగేచోట, పొగాకూ పత్రికలూ అమ్మే చిన్న కొట్టు నాది. పేరు ఫిలొమెనా, మేనా అంటే గానీ ఎవరికీ తెలియదు. మా అమ్మ కూడా ఈ కొట్లోనే కూర్చుని ముసలిదైంది. కాబట్టి ఈ వీధిలో ఎవరు ఎవర్ని ఏమన్నారో, అన్నాక ఏ సాకు చెప్పారో నా చెవిన పడకుండా పోదు. సాకు ఎప్పుడూ ఒకటే కనుక గుర్తుపెట్టుకోవడం కూడా కష్టం కాదు.

ఆ గాలి దక్షిణపు కనుమలోంచి వస్తుంది. కొండల అవతల తన తడంతా దులిపేసుకుని, ఒట్టి వేడీ పొడీ మూటగట్టుకుని మా మీదికి దూకుతుంది. కవులు మలయమారుతమని మురిసిపోయే రకం కాదిది. చలికాలం నడుమ కూడా ఇళ్ళ కప్పుల మీది మంచును మధ్యాహ్నానికల్లా నీళ్ళు చేసేస్తుంది. తలుపులు కొట్టుకుంటాయి. కుక్కలు మొరగడం మానేసి మూలన పడుకుంటాయి, ఆ పని మనుషులు అందుకుంటారు. ఉత్తరాన గోడలా లేచిన కొండలు ఆ రోజున మరీ ముందుకు జరిగి పెరట్లో నిలబడ్డట్టు కనిపిస్తాయి. దూరాల నుంచి వచ్చేవాళ్ళకి కావలసింది అదే. నీలం ఆకాశం, ఎండ, చేయి చాస్తే తగిలే కొండ. ఫోటోలు తీసుకుని, ఎంత అదృష్టవంతులండీ మీరు, రోజూ ఇదే చూస్తారు కదా అని నాతో అంటారు. వాళ్ళలో కొందరికి అంతటితో తీరదు, ఇక్కడే కాపురం పెడతారు. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది కోసం జీతమంతా అద్దెకు పోస్తారు. రొట్టె కొనడానికి కూడా కొండలెక్కే బూట్లే తొడుక్కుని వస్తారు. నవంబరులో పొగమంచు దిగి ఆ కిటికీలో బూడిదరంగు తప్ప మరేమీ లేనప్పుడు నా దగ్గరికొచ్చి, కొండలు మళ్ళీ ఎప్పుడు కనిపిస్తాయండీ అని అడుగుతారు, వాటిని నేనేదో బల్ల కింద దాచిపెట్టినట్టు.

గాలి వీచినప్పుడు తలనొప్పి రావడం ఇక్కడ పుట్టినవాళ్ళ హక్కు. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి ఏడు నొప్పి లేదంటారు, రెండో ఏడు కొద్దిగా ఉందంటారు, మూడో ఏడు కణతలు పట్టుకుని మాకన్నా గట్టిగా మూలుగుతారు. అప్పుడు వాళ్ళు మావాళ్ళయినట్టు లెక్క. ఈ నొప్పితో పాటు మాకొక వెసులుబాటు ఉంది. గాలి రోజున అన్న మాట పట్టించుకోకూడదు. ఇది ఏ చట్టంలోనూ రాసిలేదు గానీ మా వీధిలో చట్టం మాట వినని వాళ్ళు కూడా దీన్ని పాటిస్తారు. అత్త కోడల్ని నానా మాటలు అంటుంది, గాలి. మొగుడు కంచం విసురుతాడు, గాలి. బాకీ ఎగ్గొట్టినవాడు, మొహం చాటేసినవాడు, ప్రేమించిన పిల్లకి చెప్పకుండా వేరే పిల్లతో డాన్సుకు వెళ్ళినవాడు, అందరిదీ గాలే. ఎదుటివాడు కూడా పోనీలే అనాలి. రేపు తన అవసరం తనకుంటుంది కదా.

ఈ వెసులుబాటును రోమెడ్ ప్లాట్నర్ వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకోలేదు. రోమెడూ నేనూ ఒకే బడిలో చదివాం. పెద్ద మీసం, దానికి సరిపడా పొట్ట. వంతెన దగ్గర్నుంచి కొండవాలు మీది పేటల దాకా బస్సు నడుపుతాడు. గాలి రాబోతుంటే అతని ఎడమ కణత ముందుగానే కొట్టుకుంటుందట. రేడియోవాళ్ళు చెప్పకముందే రోమెడ్ చెప్తాడని జనం అతన్ని అడిగి మరీ దుప్పట్లు ఉతుక్కుంటారు. నా అనుమానం ఏమిటంటే, తిట్టాలనిపించినప్పుడల్లా కణత కొట్టుకునేది. గాలి కూడా మా దగ్గర తరచూ వస్తుంది కాబట్టి సగంసార్లు జోస్యం ఫలించేది.

గాలి రోజున అతని బస్సెక్కడం అంటే తిట్లు తినడానికి టిక్కెట్టు కొనుక్కోవడమే. ఒకసారి పాత బడిపంతులు కాసియన్ గారు ఎక్కుతూ ఉండగానే తలుపు మూశాడు. మనిషి లోపల, గొడుగు బయట.

“ఏం మాస్టారూ, గొడుగు విడిగా నడిచొస్తుందా?”

“తలుపు తియ్యవయ్యా బాబూ, విరిగిపోతుంది.”

“తీస్తాను, తొందరేముంది? మీరు ఒక్క మెట్టు ఎక్కేసరికి నేను ఆ కొండెక్కి దిగొచ్చేవాణ్ణి. చిన్నప్పుడు నన్ను బల్ల మీద నిలబెట్టారు చూడండి, అప్పుడు మీకు లేదీ తొందర!”

మర్నాడు గాలి ఆగింది. రోమెడ్ టోపీ తీసి, “నిన్న గాలి కదా మాస్టారూ,” అన్నాడు. “గాలే కదా, పోనీవయ్యా,” అన్నాడాయన, విరిగిన గొడుగును చంకలో పెట్టుకుని. ఆయన కూడా ఒకప్పుడు గాలి రోజుల్లో పిల్లల చెవులు మెలిపెట్టినవాడే.

గాలి లేని రోజుల్లో రోమెడ్ వేరే మనిషి. నోట్లోంచి మాట ఊడిపడదు. చలిగా ఉంది అంటాడు, తడిగా ఉంది అంటాడు, ఆపైన మీసం నములుకుంటూ నిలబడతాడు. ముఖ్యంగా జెంజి ముందు.

జెంజి కొట్టు నా కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉండేది. కొండలెక్కే బూట్లకు కొత్త సోలు వేయడం, కుట్లూడినవి కుట్టడం ఆమె పని. మొదట అది మొగుడు లూయిస్ పని. అతను ఒక చలికాలం కొండ మీద కాలు జారి పోయాడు. ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, తర్వాత అతని సుత్తి తను అందుకుంది. జిగురు మరకల చేతులు, జుట్టుకు ఎప్పుడూ ఒకే నీలం గుడ్డ. ఎక్కువ మాట్లాడదు. మధ్యాహ్నం పూట నా కొట్టుకొచ్చి నిలబడే కాఫీ తాగేది. గాలి రోజున వీధంతా తలలు పట్టుకుని కూర్చుంటే జెంజి ఒక్కతే సుత్తి కొడుతూ ఉండేది.

“నీకు నొప్పి రాదటే?” అని ఒకసారి అడిగాను.

“పని ఉందే మేనా. నొప్పికి తీరికెక్కడిది?” అంది.

రోమెడ్ ఆమె కొట్టుకు ప్రతి వసంతంలోనూ, ప్రతి శరత్తులోనూ బూట్లు పట్టుకుని వెళ్ళేవాడు. కొండల గురించి అతను మా వీధి హోటల్లో కొట్టే కోతలు వింటే శిఖరాలన్నీ ఇతని బంధువులే అనుకుంటాం. ఆ బూట్ల సోలు మాత్రం పెళ్ళికూతురి అరికాలంత శుభ్రంగా ఉండేది. జెంజి వాటిని తిప్పి చూసి, నవ్వు మింగుకుని, పాత లేసు తీసి కొత్త లేసు కట్టి ఇచ్చేది. అతను చలిగా ఉంది అనేవాడు. ఆమె అవును అనేది. అతను వెళ్ళిపోయేవాడు. ఇలా ఏళ్ళు గడిచాయి. వీధిలో అందరికీ తెలుసు, జెంజికీ తెలుసు. చెప్పాల్సినవాడికి చెప్పడమే తెలియదు.

ఆ ఏడు సెప్టెంబరులో జెంజి కొట్టున్న ఇంటి యజమాని ఆ గదిని టూరిస్టులకు రోజువారీ అద్దెకు ఇచ్చుకుంటానన్నాడు. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది, కొండ కనిపించే గదిలో బూట్లు కుట్టడం దండగ అన్నది అతని లెక్క. జెంజి చెల్లెలు దేశానికి అటు చివర, బుర్గెన్‌లాండ్‌లో చెరువు ఒడ్డున ఉంటుంది. రమ్మని ఎప్పటి నుంచో పిలుస్తోంది. జెంజి తలుపు మీద కాగితం అంటించింది. నవంబరు ఒకటిన సకల పునీతుల పండుగ దాకానే కొట్టు తెరిచి ఉంటుంది, బూట్లు ఇచ్చినవాళ్ళు ఆ లోపు తీసుకువెళ్ళాలి.

“అక్కడ ఒక్క గుట్ట కూడా లేదట కదే,” అన్నాను నేను.

“లేదు.”

“ఉండగలవా?”

“ఉండమని ఇక్కడ ఎవరన్నా అడిగితే కదా, వెళ్ళగలనా లేదా అని ఆలోచించేది,” అంది కాఫీ కప్పులోకి చూస్తూ.

ఆమె వెళ్ళిపోతే నా మధ్యాహ్నాలు ఏమవుతాయి? నేనడిగితే చాలదని నాకూ తెలుసు. ఆ సాయంత్రం రోమెడ్ పొగాకుకు వస్తే మొహమాటం లేకుండా చెప్పేశాను.

“ఒరేయ్, ఆ కాగితం చదివావా?”

“చదివాను.”

“చదివి?”

“తడిగా ఉంది కదా ఇవాళ,” అన్నాడు. అతని చేతిలో ఉన్న పొట్లం లాక్కుని నెత్తిన కొట్టాలనిపించింది.

అక్టోబరు మధ్యలో గాలి లేచింది. దక్షిణపు కనుమ మీద చేపల ఆకారంలో మబ్బులు కదలకుండా నిలబడ్డాయి. ఎండ ఫెళ్ళున కాస్తోంది. టూరిస్టులు వంతెన మీద నిలబడి ఆహా ఓహో అంటున్నారు. నా కొట్టు ముందు పత్రికలు ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టుకుంటున్నాను. అప్పుడు వచ్చింది రోమెడ్ బస్సు. ఆగాల్సిన చోట ఆగలేదు, జెంజి గుమ్మం ముందుకు పోయి ఆగింది. ఇంజను ఆపకుండా, జనాన్ని అలాగే వదిలేసి, రోమెడ్ కిందికి దిగాడు. మొహం ఎర్రగా ఉంది.

“జెంజీ! బయటికి రా!”

చేతిలో సుత్తితోనే ఆమె గుమ్మంలోకి వచ్చింది.

“ఎక్కడికెళ్తావే ఆ బురద చెరువు పక్కకి? ఏముందక్కడ? ఎత్తయినది ఏదన్నా చూడాలంటే కొంగ లేచి నిలబడాలి! మా ఇంట్లో కింద గది ఖాళీగా పడుంది. నీ మిషనూ నీ జిగురు డబ్బాలూ తెచ్చి దాంట్లో పెట్టుకో. నువ్వు పైకి రా. పెళ్ళి చేసుకుందాం. ఇంకా ఏం చూస్తావు, నీకేమన్నా పదహారేళ్ళా? నాకా?”

బస్సులో ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. కాసియన్ పంతులు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఏవయ్యా, బస్సు కదులుతుందా, లేకపోతే పెళ్ళిభోజనం కూడా ఇక్కడేనా?” అన్నాడు.

“మీరు నోరు మూసుకోండి మాస్టారూ, మిమ్మల్ని పిలవట్లేదు!” అని అరిచాడు రోమెడ్.

నేను రాళ్ళు వదిలేసి నిలబడిపోయాను. పత్రికలు ఎగిరిపోతే పోయాయి. జెంజి మొహం నేనెప్పుడూ చూడనంత మెత్తగా అయింది. ఆ తర్వాత ఆమె తలెత్తి కనుమ మీది మబ్బుల్ని చూసింది.

“ఇవాళ గాలి, రోమెడ్,” అంది.

“అయితే ఏంటట?”

“గాలి రోజున అన్న మాట లెక్కలోకి రాదని ఊరంతా చెప్పుకుని తిరిగేది నువ్వే కదా. గాలి ఆగనీ. అప్పుడొచ్చి చెప్పు, వింటాను.”

“ఇదే మాట చెప్తాను!”

“సరే చెప్పు. కాదన్నానా?”

రోమెడ్ బస్సెక్కాడు. కొండవాలు మీది మలుపుల దగ్గర హారన్ కొట్టుకుంటూ పోయాడని, ఆ రోజు ఎవర్నీ తిట్టలేదని తర్వాత విన్నాను.

గాలి మాత్రం ఆగలేదు. అవసరం లేనప్పుడు ఒక పూటలో చల్లారిపోయే గాలి ఈసారి తిష్ఠ వేసుకుని కూర్చుంది. రోజూ పొద్దున్నే రోమెడ్ వచ్చి పేపరు తిప్పి వాతావరణం వార్త చదివేవాడు. తర్వాత కొండల వైపు చూసేవాడు. అవి ఇంకా పెరట్లోనే ఉండేవి.

“తగ్గుతుందంటావా మేనా?”

“నన్నడుగుతావేంట్రా? నీ కణత ఏమంటోంది?”

“ఏమీ అనట్లేదు.”

“జీవితంలో మొదటిసారి నోరు మూసుకుందన్నమాట.”

హోటల్లో అతని పాట్లు చూడాలి. మా వైపు చేసే బూడిదరంగు పాలజున్ను మీద ఉల్లిపాయ ముక్కలు చల్లుకుని అందరూ తింటుంటే ఇతను ఖాళీ పళ్ళెం ముందు కూర్చునేవాడు. గాలికి అర్జీ పెట్టుకోవయ్యా అని ఒకరు, దాన్నే పెళ్ళి చేసుకో, ఇన్నేళ్ళ కాపురం కదా అని ఇంకొకరు. గాలి వీస్తూ ఉండగా రోమెడ్ మాట పడి ఊరుకోవడం అప్పుడే చూశాను. నవ్వొచ్చింది గానీ జాలి కూడా వేసింది. గాలి ఆగకపోతే ఆమె వెళ్ళిపోతుంది. ఆగితే తను మాట్లాడాలి. రెంటికీ భయపడుతున్నాడని మీసం నమలడం చూస్తేనే తెలిసిపోయేది.

పండుగ ఇంక దగ్గరపడిందనగా ఒక మధ్యాహ్నం తలుపులు కొట్టుకోవడం ఉన్నట్టుండి మానేశాయి. పడమటి నుంచి మబ్బు పాకింది. వాన మొదలైంది. తెల్లారేసరికి కొండల మీద మంచు సగం దాకా దిగి ఉంది, మిగతా సగం పొగమంచులో కలిసిపోయింది. చిమ్నీల్లోంచి పొగ నిటారుగా లేస్తోంది. టూరిస్టులు ముక్కులు తుడుచుకుంటూ స్టేషన్‌కు పోతున్నారు.

రోమెడ్ ఆ రోజు సెలవు పెట్టాడు. ఆదివారాలు వేసుకునే ఆకుపచ్చ ఉన్ని కోటు, ఈక గుచ్చిన టోపీ. చేతిలో బూట్లు లేవు. నేరుగా జెంజి కొట్టులోకి పోకుండా నా దగ్గరికి వచ్చాడు.

“నువ్వు కూడా రావే మేనా.”

“పెళ్ళి నాకా నీకా?”

“ఒక్కణ్ణీ వెళ్తే నోరు రాదు. దణ్ణం పెడతాను, రా.”

కొట్టు మూసి వెళ్ళాను. జెంజి మిగిలిపోయిన బూట్లకు చీటీలు కడుతోంది. మిషను అప్పటికే గోనెగుడ్డలో చుట్టేసి ఉంది. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ముడి వేసుకుంది.

“చలిగా ఉంది,” అన్నాడు రోమెడ్.

“ఉంది.”

“మంచు సగం దాకా దిగింది.”

“చూశాను.”

నేను మోచేత్తో అతన్ని పొడిచాను. టోపీ తీసి చేతుల్లో నలిపాడు. అతని నోట అంత చిన్న గొంతు నేనెన్నడూ వినలేదు.

“ఆ రోజు గుమ్మంలో అరిచింది నేనే జెంజీ. గాలి కాదు. అరవకుండా చెప్పడం నాకు చాతకాదు, అందుకని అలా చెప్పాను. ఆ బూట్లు… నేనెక్కడికీ ఎక్కలేదు. నీకు తెలుసనుకో. నిన్ను చూడ్డానికే తెచ్చేవాణ్ణి. వెళ్ళకు. కింద గదికి సున్నం కూడా వేయించాను.”

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత మనిషి ఇన్నాళ్ళు ఎక్కడ దాక్కున్నాడ్రా అనుకున్నాను. జెంజి చీటీలు పక్కన పెట్టింది. చేతులు గుడ్డకు తుడుచుకుంది.

“వెళ్ళాలని నాకూ లేదు,” అంది. “ఒక్కటి అడుగుతాను, చెప్పు.”

“అడుగు. ఏదైనా అడుగు.”

“లూయిస్‌ని మట్టిలో పెట్టొచ్చిన రోజున, హోటల్లో భోజనాల దగ్గర నువ్వు లేచి ఒక మాటన్నావు. గుర్తుందా?”

అతని చేతుల్లో టోపీ ఆగిపోయింది. నాకూ గుర్తుంది, ఆ బల్ల దగ్గర కూర్చున్న ఎవరికి గుర్తుండదు? సూపు వడ్డిస్తున్నారు. రోమెడ్ అప్పటికే అడవిపళ్ళ సారా గట్టిగా పట్టించాడు. గ్లాసెత్తి లేచాడు. “లూయిస్ కాలుజారి పడలేదర్రా, జెంజితో కాపురం చేసేకన్నా లోయే నయమనుకున్నాడు,” అన్నాడు. నల్లబట్టల్లో జెంజి బల్ల చివర కూర్చుని ఉంది. ఎవడో నవ్వాడు కూడా. తర్వాత అందరూ చెంచాల్లోకి చూశారు. ఎవరో, గాలి వల్ల అన్నారు. అవును, గాలే అని తక్కినవాళ్ళం అన్నాం. సూపు తాగాం.

“గుర్తుంది,” అన్నాడు రోమెడ్.

“అన్నది నువ్వా, గాలా?”

అడిగిన తీరులో కోపం లేదు. తలుపు తీసి పట్టుకున్నట్టు అడిగింది. ఒక్క మాట చాలు. నేనే అను, తాగి వాగాను అను, లూయిస్‌ని చూసి కుళ్ళుకున్నాను అను, ఏదో ఒకటి అనరా అని నేను లోపల్లోపల కొట్టుకున్నాను. రోమెడ్ నోరు తెరిచాడు. కిటికీ వైపు చూశాడు. అక్కడ పొగమంచు తప్ప ఏమీ లేదు.

“ఆ రోజు… ఆ రోజు గాలి మరీ దారుణంగా వీచింది కదా జెంజీ,” అన్నాడు.

“ఆ రోజు గాలి లేదు రోమెడ్. మంచు పడింది. గొయ్యి తవ్వినవాళ్ళు దాన్ని మళ్ళీ మళ్ళీ ఊడ్చాల్సి వచ్చింది. పెట్టె మీద నేను పెట్టిన పూలు కనిపించకుండా పోయాయి. ఒక్క కొమ్మ కదల్లేదు.”

“లేదు, వీచింది. మేనా, నువ్వు చెప్పవే. వీచింది కదా?”

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ రోజు హోటల్లో పొయ్యి ముందు మా తడి బూట్లన్నీ వరసగా ఆరబెట్టుకున్నాం, నీళ్ళు కారుతూ ఉన్నాయి. ఆ తడి కాళ్ళతోనే కూర్చుని అందరం గాలి అన్నాం.

“మంచే పడింది రోమెడ్,” అన్నాను.

“నేనే అన్నానని నువ్వు ఒప్పుకుంటే క్షమించేదాన్ని,” అంది జెంజి. “ఎప్పుడో క్షమించేశాను కూడా. నీ నోటితో వినాలనుకున్నాను, అంతే. ఇప్పుడు నీతో పైకి వచ్చాననుకో, రేపు నువ్వు నన్నో మాటంటే అది నీదో కాదో తెలుసుకోడానికి నేను పొద్దస్తమానం ఆకాశం కేసి చూసుకుంటూ బతకాలి. నా వల్ల కాదు.”

మళ్ళీ చీటీలు అందుకుంది. రోమెడ్ మీసం తుడుచుకుని, టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రేమిస్తున్నానని చెప్పడానికి వచ్చిన ధైర్యం, తప్పు చేశానని చెప్పడానికి రాలేదు ఆ మహానుభావుడికి. వెనకాలే పోయి నాలుగు దులుపుదామనుకున్నాను. అతను వంతెన మీద నిలబడి నదిలోకి చూస్తున్నాడు. వెనక్కొచ్చి కొట్టు తెరుచుకున్నాను.

పండుగ మర్నాడు జెంజిని స్టేషన్‌కు దిగబెట్టాను. మంచు మీద ఎండ పడి కొండలు ధగధగ మెరుస్తున్నాయి. ప్లాట్‌ఫారం మీద అందరూ వాటిని ఫోటోలు తీసుకుంటున్నారు. జెంజి వాటి వైపు వీపు పెట్టి నిలబడి, నా చేయి పట్టుకుని, రైలు వచ్చేదాకా వదల్లేదు. ఇద్దరం ఏడ్చాం. అక్కడి నుంచి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. చెరువు మీద ఆకాశం చాలా పెద్దదట, మొదట్లో భయమేసిందట, ఇప్పుడు అలవాటైందట.

ఆమె గదిలో ఇప్పుడు వారానికో కొత్త జంట దిగుతుంది. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి బూటు కుట్లు ఊడి, ఇక్కడెవరో బాగుచేసేవారట కదా, ఏమయ్యారు అని నా కొట్టు ముందు నిలబడి అడిగింది. నేను చెప్పేలోపల బస్సు కిటికీలోంచి రోమెడ్ అందుకున్నాడు.

“వెళ్ళిపోయిందండీ. మా గాలి పడలేదు ఆవిడకి. అందరికీ పడదు మరి,” అన్నాడు, కణత రుద్దుకుంటూ.

ముందు సీట్లో కూర్చున్న కాసియన్ పంతులు అవునన్నట్టు తలూపాడు. వెనక నుంచి ఎవరో పాపం అన్నారు. తక్కినవాళ్ళు కూడా పాపం పాపం అన్నారు. ఆ జాలి జెంజి మీద కాదు, రోమెడ్ మీద.